క్యారవాన్లలో, జాతర బండ్లలో ఎర్తింగు, వైరింగు భద్రత: తరచుగా అడిగే ప్రశ్నలు

లక్నవరం చెరువు దగ్గర రెండు రాత్రులు గడపడానికి క్యారవాన్ చేయించుకున్నవారు, మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ వెళ్లి వ్యానులోనే బస చేసేవారు, పాత మినీ బస్సులో టిఫిన్ సెంటర్ నడిపేవారు కరెంటు గురించి అడిగే ప్రశ్నలు చాలావరకు ఒక్కలాగే ఉంటాయి. బండ్లలో వైరింగు పని చేస్తూ, ఇతరులు చేసిన వైరింగును విప్పి చూస్తూ ఇన్నేళ్లలో ఇచ్చిన జవాబులను ఇక్కడ రాసి పెడుతున్నాను. ఇంటి వైరింగు బాగా తెలిసిన ఎలక్ట్రీషియన్ కూడా బండి దగ్గరకు వచ్చేసరికి పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి; వాటి గురించే ఎక్కువ రాశాను.

బండి రబ్బరు టైర్ల మీద ఉంటుంది కదా, దానికి ఎర్తు ఎందుకు?

టైర్లు ఉన్నందువల్లనే ఎర్తు మరింత అవసరం. ఇంట్లో ఫ్రిజ్జుకు లోపల ఫేజు తగిలితే ఆ ఒక్క వస్తువే ప్రమాదకరంగా మారుతుంది. బండిలో పడక చట్రం, వంట బల్ల, తలుపు, మెట్టు, బంపరు అన్నీ ఒకే ఇనుముతో కలిసి ఉంటాయి కాబట్టి, ఏదో ఒక మూల పైతొడుగు ఒరిసిపోయిన ఫేజు వైరు రేకును తాకితే మొత్తం బండి 230 వోల్టులకు చేరుతుంది. టైర్లు ఆ కరెంటును భూమిలోకి పోనివ్వవు. అందువల్ల ఫ్యూజు కొట్టదు, లైట్లు ఆరవు, ఫ్యాను ఆగదు, ఏదో తేడా వచ్చిందని తెలిపే గుర్తు ఒక్కటీ ఉండదు. లోపల కూర్చున్నవారి చేయి, కాలు రెండూ ఒకే వోల్టేజీలో ఉంటాయి గనుక వారికి ఏమీ అనిపించదు. కింద నేల మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్న మనిషి ఒంటిగుండానే ఆ కరెంటుకు భూమిలోకి మొదటిసారి దారి దొరుకుతుంది.

మేడారంలో మనం జంపన్న వాగులో స్నానం చేసి, తడి బట్టలతో, చెప్పులు లేని కాళ్లతో వచ్చి బండి తలుపు పట్టుకుంటాము. పొడి చర్మం కరెంటును కొంత అడ్డుకుంటుంది గానీ, తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓములకు పడిపోతుంది. 230 వోల్టులను 1000తో భాగిస్తే 230 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరే పట్టిన చేయి వదలడం కష్టమవుతుంది. 30 దాటిన కరెంటు ఒంటిలో నిలిచి ప్రవహిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. బండి ఇనుముకు, కరెంటు వచ్చే చోటి ఎర్తుకు మధ్య తెగిపోని ఆకుపచ్చ వైరు ఒకటి ఉంటే, ఆ కరెంటు మనిషి కోసం ఎదురుచూడకుండా ఆ వైరు గుండానే పోతుంది.

ఎంసీబీ పెట్టించాము. ఆర్‌సీసీబీ కూడా తప్పనిసరా?

తప్పనిసరి. ఎంసీబీ అంటే కరెంటు మితిమీరితే దానంతట అదే ఆగిపోయే స్విచ్చు; అది ఉన్నది వైరు కాలిపోకుండా చూడడానికి. సీ రకం 16 ఆంపియర్ల ఎంసీబీ వెంటనే పడిపోవాలంటే, అంటే కరెంటును తెంచాలంటే, దాని గుండా 5 నుంచి 10 రెట్లు, అంటే 80 నుంచి 160 ఆంపియర్ల కరెంటు పోవాలి. మనిషి ప్రాణం తీయడానికి అందులో వెయ్యో వంతు సరిపోతుంది గనుక, షాకు కొడుతున్నంతసేపూ ఎంసీబీ ఏమీ ఎరగనట్టే ఉంటుంది.

ఆర్‌సీసీబీ అంటే కరెంటు లీకైతే సరఫరాను తెంచే స్విచ్చు. అది తక్కెడ లాంటిది. ఫేజులో బయటికి వెళ్లిన కరెంటును, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటును తూచి చూస్తుంది. కొంత కరెంటు బండి ఇనుము గుండానో మనిషి గుండానో పక్కదారి పట్టిందంటే ముల్లు వంగుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల రకం ఆ మేరకు తేడా రాగానే 300 మిల్లీ సెకన్లలోపు, తేడా ఐదు రెట్లయితే 40 మిల్లీ సెకన్లలోపు కరెంటును ఆపివేయాలి. కొనేటప్పుడు దాని మీద 30 మిల్లీ ఆంపియర్లు అని, ఐఎస్ 12640 అని రాసి ఉందో లేదో చూడండి. దుకాణాల్లో 100, 300 మిల్లీ ఆంపియర్లవి కూడా అదే ఆకారంలో దొరుకుతాయి. మనుషులకు షాకు తగలకుండా కాపాడేందుకు అవి పనికిరావు. చార్జర్లు, ఇన్వర్టర్ ఏసీ వాడే బండికి 'టైప్ ఎ' (Type A) అని రాసి ఉన్న ఆర్‌సీసీబీ మేలు.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఒక చేత్తో ఫేజును, మరో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్న మనిషిని ఆర్‌సీసీబీ గుర్తించలేదు, ఎందుకంటే అక్కడ వెళ్లినది, వచ్చినది సమానంగానే ఉంటాయి.

జాతరలో ఇచ్చే తాత్కాలిక కనెక్షన్‌లో ఎర్తు లేకపోతే ఏం చేయాలి?

ముందుగా, స్తంభం మీది తీగకు కొండీ తగిలించి తెచ్చిన కరెంటును బండికి ఇవ్వకూడదు. అది నేరం కావడం ఒక సంగతి; అందులో ఎర్తు ఉండదు, ఫ్యూజు ఉండదు, గాలికి కొండీ ఊగినప్పుడల్లా నిప్పురవ్వలు రాలతాయి, న్యూట్రల్ కొండీ జారితే బండిలోని వస్తువులన్నీ ఫేజులో మిగిలిపోతాయి. పక్క దుకాణం నుంచో, తాత్కాలిక మీటరు బోర్డు నుంచో సక్రమంగా తీసుకున్న కనెక్షన్ అయితే, అక్కడ ఎర్తు లేదని తేలినప్పుడు రాగిపూత ఉన్న రాడ్డును నేలలోకి దించి, దాన్ని బండి ఎర్తు బోల్టుకు కలిపి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ద్వారానే కరెంటు తీసుకోవాలి.

రాడ్డు, ఆర్‌సీసీబీ రెండూ కలిసే ఎందుకు ఉండాలో లెక్కలో చూడవచ్చు. రాడ్డు నిరోధం 20 ఓములు అనుకుందాం. తాత్కాలికంగా దించిన రాడ్డుకు అది మంచి విలువే. ఫేజు బండిని తాకితే ఆ రాడ్డు గుండా పోగలిగే కరెంటు ఎక్కువలో ఎక్కువ 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానికి ఎన్నటికీ పడదు. రాడ్డు ఉందన్న ధీమాతో మనం ఉంటాము, బండి మాత్రం ప్రమాదకరమైన వోల్టేజీలోనే ఉండిపోతుంది. అదే ఆర్‌సీసీబీ ఉంటే రాడ్డు నిరోధం 500 ఓములైనా సరే, బండి మీద 15 వోల్టులు రాగానే అది పడిపోతుంది.

రాడ్డు ఎంత లోతు దించాలి? అన్ని నేలల్లోనూ ఒకేలా పనిచేస్తుందా?

చేయదు. లోతు మీటరుకు తగ్గకూడదు, ఎక్కువైతే ఇంకా మంచిది, కానీ నేల స్వభావం లోతు కంటే ఎక్కువ తేడా తెస్తుంది. చెల్క నేల ఎండాకాలంలో తొందరగా తడి కోల్పోతుంది. రేగడి తడిగా ఉన్నంతకాలం ఎర్తుకు చాలా అనుకూలం, కానీ ఎండినప్పుడు నెర్రెలు విచ్చి రాడ్డు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. చూడడానికి రాడ్డు పాతుకొనే ఉంటుంది, నేలను మాత్రం సరిగా తాకి ఉండదు. హనుమకొండ చుట్టుపక్కల చాలాచోట్ల అడుగు లోతులోనే బండ తగులుతుంది. అక్కడ రాడ్డును ఏటవాలుగానైనా మట్టి ఉన్న వైపుకు దించాలి గానీ, సగం బయట వదిలి పని అయిందనుకోకూడదు. రాడ్డు చుట్టూ ఒక బిందెడు నీళ్లు పోయడం, రోజూ పొద్దున మళ్లీ పోయడం నిజంగా ఉపయోగపడే అలవాటు. ఇళ్ల దగ్గర ఎర్తు గుంతలో బొగ్గు, ఉప్పు వేసి వేసవిలో నీళ్లు పోసేది కూడా ఇందుకే.

న్యూట్రల్‌ను బండి ఇనుముకు కలిపితే ఎర్తు పని అయిపోదా?

ఈ ప్రశ్నకు జవాబు అందరికీ గట్టిగా గుర్తుండాలని కోరుకుంటాను. బయటి కరెంటు మీద నడిచే బండి లోపల న్యూట్రల్‌ను ఎర్తుకు గానీ, ఛాసిస్‌కు (బండి అడుగు ఇనుప చట్రానికి) గానీ ఎక్కడా కలపకూడదు. న్యూట్రల్‌ను భూమికి కలిపే చోటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంటుంది. బండిలోనూ కలిపారంటే, మామూలుగా న్యూట్రల్ వైరులో తిరిగి వెళ్లాల్సిన కరెంటులో కొంత భాగం బండి ఇనుము గుండా పోవడం మొదలవుతుంది. ఆర్‌సీసీబీ ఉంటే అది మాటిమాటికీ పడుతుంది, విసుగొచ్చిన యజమాని దాన్ని తీయించివేస్తాడు.

అసలు ప్రమాదం ఆ తరువాతిది. బయటి న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగినా, ప్లగ్గులో వదులైనా, వెలుగుతున్న బల్బు గుండా, తిరుగుతున్న ఫ్యాను గుండా ఫేజు వచ్చి నేరుగా బండి ఇనుము మీద కూర్చుంటుంది. సాకెట్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా కలిపి ఉన్నా ఇదే జరుగుతుంది, ఆ తారుమారు మన దగ్గర అరుదేమీ కాదు. బండిలో పెట్టే మెయిన్ స్విచ్చు, ఎంసీబీలు రెండు పోల్స్ ఉన్నవే కావాలని నేను పట్టుబట్టేది కూడా ఇందుకే: బయట తారుమారైనా, స్విచ్చు దించితే ఫేజు, న్యూట్రల్ రెండూ తెగిపోవాలి.

కొత్త చోట ప్లగ్గు పెట్టే ముందు ఏమేమి పరీక్షించాలి?

మా సొంత బండిలో జరిగినది చెబుతాను. ఒక జాతరలో రాత్రి కనెక్షన్ తీసుకొని అందరం పడుకున్నాము. తెల్లవారి స్నానం చేసి వచ్చిన మా అమ్మ, "తలుపు వట్టుకుంటే చెయ్యి జుమ్మంటున్నది బిడ్డా" అన్నది. అద్దెకు తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డు విప్పి చూస్తే, ఎర్తు పిన్నుకు వైరే లేదు. మూడు రంధ్రాల సాకెట్, లోపల రెండే వైర్లు. మా అదృష్టం కొద్దీ ఏ ఫేజూ బండికి తగిలి లేదు. చార్జర్ల లోపలి ఫిల్టర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు పోవడానికి ఎర్తు లేక బండి మీద నిలిచింది. ఆ జుమ్మనడం చిన్నదే, కానీ ఎర్తు లేదని చెప్పడానికి అంతకంటే స్పష్టమైన గుర్తు ఉండదు. అలా అనిపించిన క్షణమే మెయిన్ ఆపాలి.

అందుకని ముందు సాకెట్‌ను మల్టీమీటరుతో చూడాలి. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య సుమారు 230. ఫేజుకు, ఎర్తుకు మధ్య దాదాపు అంతే. న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య కొద్ది వోల్టులే రావాలి. అయితే మీటరు అతి తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి, నామమాత్రపు ఎర్తు కూడా దానికి 230గానే కనిపిస్తుంది. పాతకాలం ఎలక్ట్రీషియన్లు ఫేజుకు, ఎర్తుకు మధ్య 100 వాట్ల బల్బు వెలిగించి చూసేది అందుకే, బల్బు 0.4 ఆంపియరుకు పైగా లాగుతుంది కాబట్టి ఎర్తు బలహీనంగా ఉంటే వెలుగు తగ్గుతుంది. ఆ సమయంలో ఎర్తుకు కలిసిన ఇనుమంతా వోల్టేజీలోకి రావచ్చు గనుక దాన్ని పని తెలిసినవారే చేయాలి, చుట్టూ ఎవరూ ఏ ఇనుమునూ పట్టుకొని ఉండకూడదు. పైన ఆర్‌సీసీబీ ఉంటే బల్బు పెట్టగానే అది పడిపోతుంది, అది శుభసూచకమే.

కనెక్షన్ ఇచ్చాక, నేల మీద నిలబడి బండి రేకును టెస్టర్‌తో తాకి చూడాలి. తరువాత ఆర్‌సీసీబీ మీది టెస్టు బటన్ నొక్కాలి. ఆ తరువాతే పిల్లలను దగ్గరికి రానివ్వాలి.

జనరేటర్ మీద, బ్యాటరీ ఇన్వర్టర్ మీద నడిపినప్పుడు కూడా ఇవే నియమాలా?

ఇక్కడ కొంత తేడా ఉంది. చిన్న పెట్రోలు జనరేటర్లు చాలావాటిలో రెండు తీగల్లో దేనికీ భూమితో సంబంధం ఉండదు. మొదటి లోపం వచ్చినప్పుడు, అంటే ఒక తీగ బండి ఇనుముకు తగిలినప్పుడు, షాకు కొట్టదు, ఆర్‌సీసీబీ కూడా పడదు, ఎందుకంటే కరెంటు తిరిగి వెళ్లే దారి లేదు. రెండో లోపం వచ్చినప్పుడు ముందస్తు సూచన లేకుండా పూర్తి వోల్టేజీతో కొడుతుంది. ఆర్‌సీసీబీ పనిచేయాలంటే జనరేటర్ దగ్గరే ఒక తీగను దాని చట్రానికి, బండి ఎర్తుకు కలపాలి. అప్పుడు ఆ తీగ నిజమైన న్యూట్రల్ అవుతుంది. ఇన్వర్టర్‌కూ ఇదే సూత్రం, కానీ కొన్ని ఇన్వర్టర్ల నిర్మాణం అలా కలపడాన్ని ఒప్పుకోదు, కలిపితే కాలిపోతాయి, కాబట్టి తయారీదారు ఇచ్చిన పుస్తకం చదవకుండా చేయి పెట్టకూడదు.

పై జవాబులో న్యూట్రల్‌ను కలపవద్దని చెప్పి, ఇక్కడ కలపమంటున్నానని అనిపించవచ్చు. కరెంటు ఎక్కడ పుడుతుందో అక్కడ, ఆ ఒక్కచోటే కలపాలి. బయటి కనెక్షన్‌కు మారినప్పుడు బండిలోని ఆ కలయిక విడిపోవాలి. రెండు పోల్స్ ఉన్న చేంజోవర్ స్విచ్చు ఆ పని చేసేలా వైరింగు చేయించుకోవాలి. జనరేటర్‌ను ఎన్నడూ బండి లోపల గానీ, కిటికీ కింద గానీ నడపవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఎక్స్‌టెన్షన్ వైరు ఎలాంటిది ఉండాలి?

మూడు కోర్లు, 2.5 స్క్వేర్ ఎంఎం రాగి, రబ్బరు లేదా గట్టి పైతొడుగు, మధ్యలో అతుకు లేకుండా 25 మీటర్లలోపు. చుట్ట చుట్టి ఉన్న వైరు మీద ఇండక్షన్ పొయ్యి, గీజరు నడిపితే లోపలి పొరల వేడి బయటికి పోక తొడుగు కరుగుతుంది; మొత్తం విప్పి పరిచి వాడాలి. జనం, బండ్లు తొక్కే దారికి అడ్డంగా వేయకూడదు.

వైర్ల రంగుల విషయంలో జాగ్రత్త ఏమిటి?

మన ఇళ్లలో ఎరుపు అంటే ఫేజు, నలుపు అంటే న్యూట్రల్. బండి బ్యాటరీ వైపు అదే ఎరుపు అంటే ప్లస్సు, నలుపు అంటే మైనస్. రెండు వ్యవస్థలూ ఒకే గోడ వెనుక, ఒకే రంగుల్లో ఉంటే, 12 వోల్టుల వైరు అనుకొని 230 వోల్టుల వైరును ఒట్టి చేత్తో పట్టుకోవడానికి ఎంతో సేపు పట్టదు. దీనికి తోడు, త్రీ ఫేజు పనుల్లో నీలం ఒక ఫేజుకు వాడతారు, చాలా వస్తువుల తీగల్లో నీలం న్యూట్రల్. అందుకే రెండింటికీ వేర్వేరు పైపులు, వేర్వేరు డబ్బాలు ఉండాలి, ప్రతి కొసకు చీటీ అంటించాలి. ఆకుపచ్చను ఎర్తుకు తప్ప మరి దేనికీ, వైరు తక్కువైందన్న సాకుతో కూడా, వాడకూడదు.

12 వోల్టులకు షాకు కొట్టదు కదా, దాని గురించి భయం ఎందుకు?

షాకు కొట్టదు, కాలుస్తుంది. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ రెండు కొసలూ పానా పడి కలిసిపోతే వందల ఆంపియర్లు, అంతకు మించి కూడా ప్రవహిస్తాయి. పానా ఎర్రబడుతుంది, వైరు తొడుగు అంటుకుంటుంది. ప్లస్సు నుంచి బయలుదేరిన ప్రతి వైరుకూ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజును అవతలి కొసన పెడితే, మధ్యలో వైరు ఒరిసి ఛాసిస్‌ను తాకినప్పుడు దాన్ని ఆపేది ఏదీ ఉండదు.

వైరు లావు గురించి కూడా ఇంటి లెక్క ఇక్కడ పనికిరాదు. 1000 వాట్ల ఇన్వర్టర్ 230 వోల్టుల వైపు 4.3 ఆంపియర్లు ఇస్తే, 12 వోల్టుల వైపు 90కి పైగా లాగుతుంది. బ్యాటరీ మైనస్‌ను ఛాసిస్‌కు కలిపే బోల్టు దగ్గర రంగు గీకి, పళ్లున్న వాషరు వేసి, బిగించి, పైన వాజలైన్ పూయాలి. అది వదులైతే స్టార్టర్ మోటారు కరెంటు తిరిగి రావడానికి దొరికిన సన్నని ఎర్తు వైర్లన్నిటినీ దారిగా చేసుకొని వాటిని కాల్చివేస్తుంది. 230 వోల్టుల ఎర్తును ఛాసిస్‌కు కలిపే వైరు 4 స్క్వేర్ ఎంఎంకు తగ్గకుండా, దానికంటూ వేరే బోల్టు మీద ఉండాలి.

ఇంటికి వాడిన వైరే మిగిలింది, బండికి వాడవచ్చా?

ఒంటి తీగ ఉన్న వైరు వద్దు; గుంతల రోడ్డు మీద అదురుకు స్క్రూ దగ్గర విరిగిపోతుంది. సన్నని పోగులున్న వైరు తీసుకొని, కొసలకు లగ్గులు నొక్కించాలి. వైర్లను మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు బండిలో ఆరు నెలలు నిలవదు. రేకు రంధ్రం గుండా వైరు పోయే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ ఉండాలి. నిలిపి ఉంచిన బండిలో ఎలుకలు చేరతాయి కాబట్టి వైరింగు మొత్తం పైపుల్లోనే పోవాలి.

మన ఎండలకు వైరింగు తట్టుకుంటుందా?

మామూలు పీవీసీ వైరు తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. రామగుండం, గోదావరిఖని వైపు మే నెల ఎండలో రోజంతా నిలిపిన బండి పైకప్పు రేకుకు, లోపలి పలకకు మధ్య ఉండే వేడిని లెక్కలోకి తీసుకుంటే, వైరు సొంత వేడికి మిగిలే అవకాశం తక్కువ. పైకప్పులో పోయే వైర్లకు ఒక సైజు పెద్దది వేయించండి.

ఉరుములు, పిడుగులు పడేటప్పుడు బండిలో ఉండవచ్చా?

పూర్తిగా ఇనుప రేకు ఉన్న బండిలో తలుపులు, అద్దాలు మూసి, ఇనుమును తాకకుండా ఉండడం చెట్టు కిందికంటే, పరదా డేరాలో కంటే ఎంతో మేలు. కాపాడేది చుట్టూ ఉన్న ఇనుము. టైర్ల పాత్ర ఏమీ లేదు. ఫైబర్ బాడీ బండికి ఆ రక్షణ ఉండదు. ఉరుము వినిపించకముందే, మబ్బు పట్టినప్పుడే బయటి ప్లగ్గు తీసివేయాలి.

11 కేవీ లైన్ కింద బండి నిలపవచ్చా? తీగ తెగి బండి మీద పడితే?

నిలపకూడదు. పైన సామాను, డేరా గుంజలు, జెండా కర్రలు ఉన్న బండి మామూలు ఎత్తు దాటి ఉంటుంది. అంత వోల్టేజీకి తాకవలసిన అవసరం కూడా లేదు, దగ్గరికి వస్తే చాలు. తీగ మీద పడితే లోపలే ఉండి, 1912కు ఫోను చేసి, సరఫరా ఆపారని విద్యుత్ సిబ్బంది చెప్పేదాకా దిగకూడదు. బండికి నిప్పు అంటుకుంటే మాత్రం, బండిని, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్లు దగ్గరగా పెట్టి దూకాలి. ఆ తరువాత పాదాలు నేల మీదినుంచి ఎత్తకుండా, ఒకదానికొకటి ఆనించి చిన్నగా జరుపుకుంటూ దూరం పోవాలి. పెద్ద అడుగు వేస్తే రెండు పాదాల మధ్య నేలలోనే ప్రాణాంతకమైన వోల్టేజీ తేడా ఉంటుంది.

ఎవరికైనా షాకు కొడితే మొదట ఏం చేయాలి?

మనిషిని తాకవద్దు, మెయిన్ ఆపాలి లేదా ప్లగ్గు లాగాలి. అది కుదరకపోతే పొడి కర్రతో తీగను తప్పించాలి. 11 కేవీ అయితే కర్రతో కూడా దగ్గరికి పోకూడదు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం మొదలుపెట్టి, మరొకరితో 108కి ఫోను చేయించాలి. లేచి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి.

ఎన్నాళ్లకు ఒకసారి తనిఖీ చేయించాలి?

ఏడాదికి ఒకసారి, ఐనవోలు జాతరతో మొదలయ్యే ప్రయాణాల కాలానికి ముందు చేయించడం మంచిది. వస్తువులన్నీ, ఇన్వర్టర్, చార్జర్ విడదీసి, ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కలిపి ఎర్తుతో 500 వోల్టుల మెగ్గరు (వైరు తొడుగు నిరోధాన్ని కొలిచే మీటరు) పెట్టి చూస్తే కనీసం 1 మెగా ఓము రావాలి. వానాకాలం తరువాత ఆ విలువ కిందటి ఏటికంటే బాగా తగ్గిందంటే, అది 1 మెగా ఓముకు పైనే ఉన్నా, ఎక్కడో నీళ్లు చేరాయని అర్థం. ముందుగా బయటి సాకెట్ డబ్బాను, వెనుక లైట్ల దగ్గరి రంధ్రాలను విప్పి చూడండి.